ఫ్రాన్స్‌కి బైక్ మీద వెళ్తున్నారా? పసుపు జాకెట్ ఏ పక్క పెట్టాలో ముందు తేల్చుకోండి

ఇంగ్లండ్‌లో ఉంటూ బైక్ నడిపే మన తెలుగువాళ్లు వేసవి సెలవులు దగ్గర పడగానే అడిగే ప్రశ్న ఒకటుంది: ఫ్రాన్స్ వెళ్తే మెరిసే పట్టీలున్న ఆ పసుపు జాకెట్ దారి పొడుగునా వేసుకునే నడపాలా? అక్కర్లేదు. జాకెట్ మీ దగ్గరో బండిలోనో ఉండాలి, దారిలో ఏదైనా అయి బండి ఆపి దిగాల్సి వస్తే మాత్రం ఒంటి మీద ఉండాలి. చట్టం అడిగేది అంతే. ఈ తేడా తెలియక నాకు తెలిసిన ఒకాయన ఇంగ్లండ్ నుంచి ఓడ దిగే కాలే రేవు నుంచి లియాన్ నగరం దాకా జూలై ఎండలో దాన్ని తొడుక్కుని ఉడికిపోయాడు. నేనేమో తేడా తెలిసి కూడా జాకెట్‌ని పెట్టకూడని చోట పెట్టి ఇంకో రకంగా ఇరుక్కున్నాను. ఆ కథ కింద వస్తుంది.

మన ఊళ్లలో దీన్ని రేడియం జాకెట్ అంటాం కాబట్టి నేనూ అదే అంటాను. అందులో రేడియం ఏమీ లేదనుకోండి, మెరిసే ఆ పట్టీలో ఉండేవి సన్నటి గాజు పూసలు. అయినా స్టిక్కర్ షాపుకెళ్లి ఇంకేం పేరు చెప్పి అడుగుతాం.

మొదటి పని: ఏ దేశంలో ఏది తప్పనిసరో విడదీసి చూసుకోండి

జాకెట్ వెంట ఉంచుకోవడం ఒకటి, దిగినప్పుడు తొడుక్కోవడం ఇంకొకటి, నడుపుతున్నంతసేపూ తొడుక్కోవడం మూడోది. జనం ఈ మూడింటినీ కలిపేసి గంటల కొద్దీ వాదించుకుంటారు. మీరు ఏ దేశం పేరు విన్నా ముందు ఈ మూడింట్లో ఏది అని అడగండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఫ్రాన్స్‌లో బైక్‌లకి ఈ నియమం 2016 జనవరి 1 నుంచి ఉంది. జాకెట్ వెంట లేకపోతే 11 యూరోలు, బండి ఆగిపోయి దిగినప్పుడు తొడుక్కోకపోతే 135 యూరోలు జరిమానా. ఈ రెండు అంకెలు చూస్తేనే వాళ్లకి ఏది ముఖ్యమో తెలిసిపోతుంది. కార్లకి అంతకు ముందే, 2008లోనే పెట్టారు. అప్పుడు ప్రభుత్వం వేసిన ప్రచార పోస్టర్‌లో ఫ్యాషన్ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ నల్ల సూటు మీద ఈ జాకెట్ తొడుక్కుని నిలబడి ఉంటాడు. పసుపు రంగు, వికారంగా ఉంటుంది, దేనికీ నప్పదు, అయినా మీ ప్రాణం కాపాడొచ్చు అని పోస్టర్ మీద రాశారు. ప్రతి కారులోనూ ఒకటి పడి ఉండబట్టే 2018 నవంబర్‌లో పెట్రోలు పన్ను మీద జనం రోడ్డెక్కినప్పుడు అందరి ఒంటి మీదా అదే కనపడింది, ఉద్యమానికీ పసుపు జాకెట్ల పేరే వచ్చింది.

నడుపుతున్నప్పుడు కూడా వేసుకోవాలనే ప్రయత్నం ఫ్రాన్స్‌లో ఒకసారి జరిగింది. 125 సీసీ దాటిన బండ్ల మీద వెళ్లేవాళ్లు నడుముకి పైన మెరిసే గుడ్డ కనీసం 150 చదరపు సెంటీమీటర్లు వేసుకోవాలని 2012 జనవరిలో ఉత్తర్వు ఇచ్చారు. స్టూడియోలో కడిగించే 10 బై 15 ఫొటో ఉంటుంది చూడండి, సరిగ్గా అంత. 2013 జనవరి 1 నుంచి అమలు, లేదంటే 68 యూరోలు జరిమానా, లైసెన్సులోంచి రెండు పాయింట్లు కోత. ఫ్రాన్స్‌లో ‘కోపంగా ఉన్న బైకర్ల సమాఖ్య’ అని ఒకటుంది, నిజంగానే ఆ పేరు, 1980లో పుట్టింది. వాళ్లు ఊరుకుంటారా? బైకర్లు వేల మంది రోడ్డెక్కారు, అమలు రోజు ముంచుకొచ్చేసరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చేతి పట్టీ అంత గుడ్డ ముక్క కోసం ఇంత గొడవా అనిపిస్తుంది గానీ, వాళ్ల అభ్యంతరం గుడ్డ మీద కాదు. దాని సంగతి తర్వాత.

కాలే నుంచి ఎడమకి తిరిగి బెల్జియం వెళ్తే మోటార్‌వే మీద బండి ఆగిపోయి దిగినప్పుడు జాకెట్ తప్పనిసరి. అక్కడ 2011 సెప్టెంబర్ నుంచి గ్లవ్స్, పొడుగు చేతుల జాకెట్, పూర్తి ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు కూడా తప్పనిసరి, కాబట్టి చెప్పులతో టీషర్టుతో బయల్దేరే అలవాటు అక్కడ పనికిరాదు. జర్మనీలో కార్లకి 2014 జూలై నుంచి జాకెట్ ఉండాలి, బైక్‌లని వదిలేశారు. ఇంగ్లండ్‌లో చట్టం లేదు, ప్రకాశవంతమైన బట్టలు వేసుకుంటే మంచిదని హైవే కోడ్ అనే అక్కడి రోడ్డు నియమాల పుస్తకం సలహా మాత్రం ఇస్తుంది.

నడుపుతూ వేసుకోవాల్సిన చోట్లూ ఉన్నాయి. కొలంబియాలో సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా బైక్ మీద రేడియం జాకెట్ ఉండాల్సిందే. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలో లెర్నర్ పర్మిట్ మీద బైక్ నడిపేవాళ్లకి తప్పనిసరి. మెల్‌బోర్న్‌లో చదువుకోడానికో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు ఇండియాలో పదేళ్లు బండి నడిపాం, మాకెందుకు అంటారు. లెర్నర్ అంటే లెర్నరే.

రెండో పని: జాకెట్ కొనేటప్పుడు రైడింగ్ జాకెట్ వేసుకుని షాపుకి వెళ్లండి

ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. నేను మొదటిసారి టీషర్టు మీద సైజు చూసి మీడియం తెచ్చుకున్నాను. వీపున ప్రొటెక్టర్, లోపల చలి లైనింగ్ ఉన్న రైడింగ్ జాకెట్ మీద వేసి చూస్తే ముందు వెల్‌క్రో రెండు కొసలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి గానీ కలవలేదు. మామూలు సైజుకి రెండు సైజులు పెద్దది తీసుకోండి.

లోపలి లేబుల్ చూడండి. ఈఎన్ ఐఎస్ఓ 20471 అనే ప్రమాణం నంబరు, యూరప్ నిబంధనలకి సరిపోతుందని చెప్పే సీఈ గుర్తు, రెండూ ఉండాలి. ఆ ప్రమాణంలో క్లాస్ 1, 2, 3 అని ఉంటాయి. క్లాస్ 2 అంటే మెరిసే రంగు గుడ్డ అర చదరపు మీటరు, రేడియం పట్టీ 0.13 చదరపు మీటరు. రోడ్డు మీదకి ఇది సరిపోతుంది. ధర గురించి రాసేదేం లేదు, చవకగానే దొరుకుతుంది, బండి మీద ఇద్దరు వెళ్తుంటే రెండు కొనండి, వెనక కూర్చున్నావిడ చీకట్లో నల్ల జాకెట్‌తో నిలబడితే మీ ఒక్కరి పసుపు ఏం చేస్తుంది?

ఆ పసుపు ఒక పని చేస్తుంది, ఆ పట్టీ ఇంకో పని చేస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఫ్లోరెసెంట్ పసుపు ఎండలోని అతినీలలోహిత కిరణాలని తీసుకుని కంటికి కనపడే వెలుగుగా వదులుతుంది, అందుకే మబ్బు పట్టిన పగలు, సంజె వేళ అది మామూలు పసుపు కంటే మండుతున్నట్టు కనపడుతుంది. రాత్రి అయ్యాక ఆ కిరణాలూ ఉండవు, ఆ మంటా ఉండదు. అప్పుడు పని చేసేది పట్టీ, అదీ ఎదుటి బండి హెడ్‌లైట్ దాని మీద పడితేనే, ఎందుకంటే వచ్చిన వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపడం ఒక్కటే దానికి తెలుసు. పక్క రోడ్డులోంచి వచ్చే కారు లైటు మీ మీద పడదు కాబట్టి ఆ డ్రైవర్‌కి మీ పట్టీ ఉన్నా లేనట్టే.

మూడో పని, అసలైనది: ఏ పక్క పెట్టాలి

రెండేళ్ల కిందట సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లో ఏ26 మోటార్‌వే మీద వెళ్తున్నాను, కాలే నుంచి రీమ్స్ వైపు, ఆరాస్ దాటాను, పొద్దు వాలుతోంది. వెనక టైరు మెత్తబడినట్టు బండి అటూ ఇటూ ఊగడం మొదలైంది. మెల్లగా కుడి వైపు అంచుకి తీసి ఆపాను. స్క్రూ దిగింది. ఫ్రాన్స్‌లో బండి కుడి వైపు నడుస్తుంది కాబట్టి ఆగే అంచు కూడా కుడి వైపే. ఇక్కడ ఆలోచించండి: బైక్ స్టాండ్ ఎడమ వైపు ఉంటుంది, మనం దిగేది ఎడమ వైపుకి, ఇండియాలోనూ ఇంగ్లండ్‌లోనూ అది రోడ్డు అంచు వైపు, కాబట్టి జీవితంలో ఎప్పుడూ దాని గురించి ఆలోచించి ఉండం. ఫ్రాన్స్‌లో ఎడమ వైపు అంటే లారీలు పోయే వైపు. నేను అలవాటు కొద్దీ అటే దిగాను. ఒక లారీ పోయింది, ఆ గాలికి హెల్మెట్ పక్కకి తిరిగింది.

జాకెట్ ఎక్కడుంది? ఎడమ సైడ్ బాక్స్‌లో. దాని మూత లారీల వైపు తెరుచుకుంటుంది. మూత తీసి, వాన ప్యాంటు బయట పడేసి, మా అత్తగారు కట్టిచ్చిన సున్నుండల డబ్బా తీసి ఒడిలో పెట్టుకుని, ఛార్జర్ తీగలు విప్పుకుంటూ అడుగున చెయ్యి పెట్టి వెతికితే మడత కూడా విప్పని ప్లాస్టిక్ కవర్‌లో దొరికింది. గ్లవ్స్‌తో కవర్ చిరగదు. పళ్లతో చింపాను. అదంతా రెండు నిమిషాలు పట్టి ఉంటుంది, కానీ ఆ రెండు నిమిషాలూ నేను నల్ల జాకెట్‌తో, రోడ్డుకి వీపు తిప్పి, మసక వెలుతురులో వంగుని ఉన్నాను. అరవై కిలోమీటర్ల ముందు టోల్ దగ్గర ఏ పోలీసైనా ఆపి ఉంటే జాకెట్ ఉంది సార్ అని గర్వంగా చెప్పేవాణ్ణి.

కాబట్టి బండి మీద కూర్చునే, దిగకుండానే, చేతికి అందే చోట పెట్టండి. ట్యాంక్ బ్యాగ్ పై జేబు అన్నిటికంటే మంచిది. ట్యాంక్ బ్యాగ్ లేకపోతే రైడింగ్ జాకెట్ వెనక నడుము దగ్గర ఒక పెద్ద జేబు ఉంటుంది, అందులో చుట్ట చుట్టి పెట్టండి. అదీ కాదంటే కుడి వైపు సైడ్ బాక్స్, అన్నిటికంటే పైన. సీటు కింద వద్దు, సీటు తియ్యాలంటే దిగాలి, తాళం తియ్యాలి, పైన కట్టిన బ్యాగ్ విప్పాలి. కవర్‌లోంచి తీసేసి, ఇంట్లో ఒకసారి గ్లవ్స్ వేసుకుని కళ్లు మూసుకుని తీసి తొడుక్కుని చూడండి. మా ఆవిడ నన్ను హాల్లో ఆ అవతారంలో చూసి ఏమందో ఇక్కడ రాయను.

నాలుగో పని: నిజంగా ఆగాల్సి వస్తే

కుడి అంచుకి, వీలైనంత కుడికి తీయండి. కొద్ది మీటర్ల దూరంలోనే ఎగ్జిట్ ఉంటే మెల్లగా అక్కడిదాకా లాగడం మేలు, రిమ్ పోయినా సరే. హజార్డ్ లైట్లు వేయండి. కూర్చునే జాకెట్ తొడుక్కోండి. కుడి వైపుకి దిగండి, కాలు ఎత్తడం వింతగా ఉంటుంది, సామాను ఎత్తుగా కట్టి ఉంటే ఇంకా కష్టం, అందుకే దీన్ని కూడా ఇంటి దగ్గర ఒకసారి చేసి చూడమంటాను. దిగగానే ఇనప రెయిలింగ్ దాటి అవతలికి వెళ్లిపోండి. బండి పక్కన నిలబడి కాపలా కాయకండి, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

మోటార్‌వే మీద మీకు నచ్చిన మెకానిక్‌ని పిలవడానికి లేదు, మీ ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేసినా వాళ్లు బండి పంపలేరు, ఆ రోడ్డుకి అనుమతి ఉన్న టోయింగ్ వాళ్లే రావాలి. రెయిలింగ్ వెంబడే నడిస్తే దాదాపు రెండు కిలోమీటర్లకొకటి చొప్పున నారింజ రంగు ఫోన్ స్తంభాలు ఉంటాయి. మీట నొక్కితే మీరు ఎక్కడున్నారో వాళ్లకే తెలుస్తుంది. నడవలేకపోతే మొబైల్ నుంచి 112. నేను స్తంభం నుంచి మాట్లాడితే అటు నుంచి ఒకావిడ ఇంగ్లీషులో మొదట అడిగింది పేరూ కాదు, బండి నంబరూ కాదు. జాకెట్ వేసుకున్నారా, రెయిలింగ్ అవతల ఉన్నారా అని. బిల్లు రసీదు తీసుకోండి, తర్వాత ఇన్సూరెన్సు దగ్గర అడగడానికి పనికొస్తుంది.

ఐదో పని: నడుపుతూ కూడా వేసుకోవాలా అన్నది మీరే తేల్చుకోండి

ఇక్కడ బైకర్లలో ఎవరి మాట వాళ్లదే. మా బ్యాచ్‌లో ఒక అన్న ఉన్నాడు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే, నన్ను మొదటిసారి ఆ జాకెట్‌లో చూసి “ఏరా తమ్ముడూ, జీహెచ్‌ఎంసీలో చేరావా?” అన్నాడు. ఆయన వాదన తేలిగ్గా తీసెయ్యలేం. “నేను లైటు వేసుకునే వెళ్తున్నాను, నా బండి గేదె అంత ఉంది, వాడు అద్దంలో చూడకుండా లేన్ మారాడు. ఇప్పుడు నేను పసుపు వేసుకోలేదు కాబట్టి తప్పు నాదంటారా?” అంటాడు. ఫ్రాన్స్ బైకర్ల కోపం కూడా ఇదే. జాకెట్ తప్పనిసరి చేసిన మర్నాడు నుంచి ప్రమాదంలో దెబ్బ తిన్నవాడినే మొదట ప్రశ్న అడుగుతారు. బ్రిటన్‌లో 1973లో హెల్మెట్ చట్టానికి ఎదురుగా పుట్టిన మోటార్‌సైకిల్ యాక్షన్ గ్రూప్‌దీ అదే ధోరణి, వేసుకో గానీ వేసుకోమని బలవంతం చెయ్యకు అని.

అటు వైపు లెక్కలు కూడా ఉన్నాయి. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ దగ్గర బైక్ ప్రమాదాల్లో దెబ్బలు తగిలిన 463 మందిని, రోడ్డు మీద మామూలుగా నడుపుతున్న 1,233 మందితో పోల్చి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వేశారు. మెరిసే బట్టలు వేసుకున్నవాళ్లకి ముప్పు 37 శాతం తక్కువ, పగలు హెడ్‌లైట్ వేసుకున్నవాళ్లకి 27 శాతం తక్కువ, నల్ల హెల్మెట్ కంటే తెల్ల హెల్మెట్‌కి 24 శాతం తక్కువ అని తేలింది. పసుపు జాకెట్ వేసుకునేవాడు అసలే జాగ్రత్తపరుడై ఉంటాడు కదా అని మా బ్యాచ్ అన్న ఇది వినగానే ఎదురు చెప్పాడు. అదీ నిజమే, కొంత. ఇండియాలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటోంది, ఇక్కడా అంతే, కాబట్టి ఆ లాభం మనకి అడక్కుండానే దక్కింది.

నా మటుకు నేను వాన, మంచు, సంజె వేళ వేసుకుంటాను, మండే ఎండలో తీసేస్తాను. దానికో కారణం ఉంది. ఏప్రిల్ చివర, మే నెలల్లో ఉత్తర ఫ్రాన్స్‌లో రోడ్డుకి రెండు వైపులా రేప్‌సీడ్ చేలు పూస్తాయి, మన ఆవచేలు పూసినట్టే, కనుచూపు మేర పసుపు. నా ముందు వెళ్తున్న స్నేహితుడు పసుపు జాకెట్‌తో ఒక మలుపులో ఆ చేలోకి కలిసిపోయాడు, వాడి ఎర్ర టాప్‌బాక్స్ ఒక్కటే గాల్లో తేలుతూ పోయింది. వెనక ఉన్న రంగుని బట్టే ఏదైనా కనపడడం. అందుకే రెండోది నారింజ రంగు కొన్నాను.

వేసుకుని నడపాలనుకుంటే షాపులో దొరికే వదులు జాకెట్‌తో 110 మీద వెళ్లకండి. గాలి కింద నుంచి దూరి వీపు మీద బెలూన్‌లా ఉబ్బుతుంది, మెడ దగ్గర అంచు పటపటా కొడుతుంది, గంట తర్వాత అక్కడ ఎర్రగా కందిపోతుంది. పక్కల ఎలాస్టిక్, ముందు జిప్ ఉన్న బైక్ రకం తీసుకోండి, లేదా నడుముకి అడ్డంగా వెడల్పు ఎలాస్టిక్ పట్టీ వేయండి. వీపుకి బ్యాగ్ తగిలించుకుంటే జాకెట్ మొత్తం దాని కిందకి పోతుంది, అప్పుడు బ్యాగ్‌కి రేడియం కవర్ తొడగండి. ఇంకో చిన్న చిక్కు: సర్వీస్ స్టేషన్‌లో హెల్మెట్ తీసి కాఫీ పట్టుకుని నిలబడితే జనం వచ్చి టాయిలెట్ ఎటు అని అడుగుతారు. ఎటో తెలుసుకుని ఉండండి.

బయల్దేరే ముందు ఈ మూడూ చూసుకోండి

గ్లవ్స్ మీద సీఈ గుర్తు ఉందా? ఫ్రాన్స్‌లో 2016 నవంబర్ నుంచి నడిపేవాళ్లకీ వెనక కూర్చునేవాళ్లకీ తప్పనిసరి, లేకపోతే 68 యూరోలు. హెల్మెట్‌కి ఐఎస్ఐ ముద్ర ఒక్కటే ఉంటే, అంటే ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నదైతే, అది ఇక్కడ చెల్లదు, యూరప్‌లో చెల్లే ఈసీఈ గుర్తు ఉన్నది కావాలి. హెల్మెట్ మీద నాలుగు వైపులా చిన్న రేడియం స్టిక్కర్లు ఉండాలని కూడా ఫ్రాన్స్ చట్టం అంటుంది. బయటి నుంచి వచ్చేవాళ్లు చాలామంది అంటించుకోరు. నేను అంటించుకున్నాను, రెండు నిమిషాల పని.

బండి అద్దెకి తీసుకుంటున్నట్టయితే, హైదరాబాద్ నుంచి ఆల్ప్స్‌లో తిరగడానికి వచ్చేవాళ్లు ఇలాగే చేస్తారు, తాళం చేతిలో పెట్టేటప్పుడే జాకెట్ ఏదని అడగండి. సీటు కింద ఉందంటే తీసి చూపించమనండి. గ్రీజు మరకలతో, పట్టీ పగుళ్లిచ్చి ఉంటే మార్చమనండి, లేదా మీదే ఒకటి తెచ్చుకోండి, గుప్పెడంత మడత, సున్నుండల డబ్బా కంటే చిన్నది.

తిరిగొచ్చాక చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. ఇస్త్రీ పెట్టె తగిలిస్తే పట్టీ పోతుంది. ఎన్ని ఉతుకులు తట్టుకుంటుందో చాలా లేబుళ్ల మీద రాసే ఉంటుంది.